తోసే మాస్టారు

ఆ రోజు మాస్టారు నిజంగా పడ్డారా, కావాలని పడ్డారా? ఈ వయసొచ్చినా నాకు తేలని ప్రశ్న ఇది. అడుగుదామంటే ఆయన కళ్ళబడి ఏళ్ళయింది. కళ్ళబడినా ముందు నన్నో తోపు తోసి గానీ జవాబు చెప్పరు.

అదే ఆయన జబ్బు. ఎదుటి మనిషి భుజం కనిపిస్తే చాలు, అరచెయ్యి ఆనించి తోసేవారు. పాలవాణ్ణి తోశారు. నాడి చూడబోయిన డాక్టరుని తోశారు. మా అందరికీ ఫోటో తీస్తున్న వాణ్ణి సరిగ్గా బొత్తాం నొక్కే వేళకి తోశారు. ఆ ఫోటోలో ఆకాశం చాలా బాగా వచ్చింది. తోశాక అడిగేది ఎప్పుడూ ఒకటే: "కాళ్ళు ఇక్కడున్నాయి సరే, నువ్వెక్కడున్నావ్?"

పరిగెత్తే బస్సులో ఏ కడ్డీ పట్టుకోకుండా ఉద్యోగమంతా నిలబడ్డ కండక్టరాయన. రిటైరయ్యాక, నేను అచ్చుతప్పులు దిద్దే ప్రెస్సు మేడమీద గదిలో "లోపలి కుస్తీ" నేర్పేవారు. కొట్టుకోవడం లేదు, అరవడం లేదు. మోకాళ్ళు కాస్త వంచి, చేతులు కడవని కౌగిలించుకున్నట్టు పెట్టి, ఊరికే నిలబడాలి.

"లోపల ఎవరితోనండీ కుస్తీ?" అన్నాడు మొదటిరోజే ఇనుప సామాన్ల షావుకారు.

"నిలబడు. వాడే వస్తాడు."

వచ్చాడు. రోజంతా పుస్తకంలో తలదూర్చి కూర్చుంటాను కాబట్టి నన్ను అందరూ నెమ్మదస్తుణ్ణనుకునేవారు, నాతో సహా. నిలబడగానే ముక్కు దురద. పొయ్యి ఆర్పానా లేదా? ఎప్పుడో పోయిన మేనమామతో పాత వాదన మళ్ళీ మొదలై, ఈసారి నేనే గెలిచాను. ఆయన ఒప్పుకోలేదు, ఇంకోసారి గెలవాల్సొచ్చింది. కదలకుండా నిలబడితేగానీ తెలీలేదు, నాలో కదలనిదంటూ ఒక్కటీ లేదని.

"ఏవయ్యా పుస్తకం, పేజీలు తిప్పేస్తున్నావా?" వెనకనుంచి తోపు. "కాళ్ళు టిక్కెట్టు తీసుకున్నాయి, నడుం తీసుకోలేదు. దింపేస్తా!"

ఆయన్ని మాత్రం ఎవరం కదపలేకపోయాం. షావుకారు ముందుండి, మేమంతా వెనక చేరి, ఆగిపోయిన బస్సుని తోసినట్టు తోసేవాళ్ళం. "బ్రేకు తియ్యలేదు నాయనా," అని ఆవలించేవారు.

అలాంటి మనిషిని చేతులారా ఇంటికి తీసుకెళ్ళాల్సొచ్చింది. మా అక్క మెట్లమీద జారిపడింది. ఎముక అతికింది గానీ ధైర్యం అతకలేదు. నడవమని డాక్టరు చెప్పినా, గోడ పట్టుకుని మంచం దగ్గర్నుంచి వంటింటిదాకా వెళ్ళడమే. కింద ఆవిడ కుట్టుపని దుకాణం మూతబడింది. "ఇంక నేను దిగేది లేదు. మిషన్లు అమ్మేయరా," అంది ఓ పొద్దున. మిషను చప్పుడు లేకపోతే అక్క అక్క కాదు. ఆవిడ కూర్చుంది, నేను గదంతా తిరిగాను.

"ఏవిటి, తోయకముందే ఊగుతున్నావ్?" అన్నారు ఆ రోజు మాస్టారు. చెప్పాను. చెప్పి తలెత్తేసరికి ఆయన చెప్పులు వేసుకుంటున్నారు.

దారంతా బతిమాలాను. "మాస్టారూ, మీకు దణ్ణం పెడతా. అక్కని మాత్రం తోయకండి."

"ఆవిణ్ణి నేనెందుకు తోస్తానయ్యా?" అంటూ నాలుగురోడ్ల దగ్గర ట్రాఫిక్ పోలీసుని తోశారు.

ఇంట్లోకి వస్తూనే, "అక్కగారూ, మీ తమ్ముడు నన్ను తోయలేకపోతున్నాడు. మీరోసారి చూస్తారా?" అన్నారు.

"వాడు తలుపు కూడా సరిగ్గా తోయలేడు," అంది అక్క. ఒక చెయ్యి గోడకి ఆనించి, రెండో చేత్తో తోసింది. మాస్టారు కదల్లేదు.

"తోసేది మీరా, గోడా?"

అక్క మొహం ఎర్రబడింది. గోడ వదిలేసింది. ఓ అడుగు ముందుకేసి రెండు చేతులతో తోసింది.

మాస్టారు పడ్డారు! మామూలుగా కూడా కాదు. స్టూలు తన్నేసి, బట్టలమూట మీద వెల్లకిలా.

"పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాదమ్మా. ఇంకోటి!"

మర్నాడు వసారాలో పడ్డారు. ఆ మర్నాడు మెట్లకి కాస్త ఇవతల. "మీ కండక్టరింకా రాలేదేం?" అని అక్క జడ బిగించుకుని ఎదురుచూసేది.

ఓ రోజు ఆయన ఒక మెట్టు దిగి నిలబడ్డారు. అక్క వెనక్కి తగ్గింది. "వద్దు. నేను పడింది ఇక్కడే."

"ఇవాళ పడేది నేను. రైట్ రైట్!"

తోసింది. ఆయన ఓ మెట్టు దిగారు. అందక ఆవిడా దిగింది. "పడరేం!" "తోపు చాల్లేదు!" "ఉండండి మీ పని చెప్తా!" తిట్టుకుంటూ, తోసుకుంటూ దిగుతున్నారు.

పైమెట్టు మీంచి అప్పుడు చూశాను. ఆయన ఒక భుజం ఆవిడ తోపు తీసుకుంటోంది. రెండోవైపు చెయ్యి ఆవిడ మోచేతి కింద, తాకీ తాకకుండా, ఆవిడతోపాటే దిగుతోంది. ఇంతమందిని తోశారే, ఒక్కడైనా నేలమీద పడ్డాడా? లేదు. తోసే చేతినే అందరం తిట్టుకున్నాం. వీపు వెనక కాసుకున్న చేతిని ఎవరమూ చూడలేదు.

మెట్లయిపోయాయి. అక్క చుట్టూ చూసి, "ఒరేయ్, దుకాణం!" అంది. తాళం తీయించి, మిషను మీద దుమ్ము చూసి ముందు నన్ను తిట్టింది. తర్వాత సూదిలో దారం ఎక్కిస్తూ, "మీ మాస్టారి చొక్కా మోచెయ్యి దగ్గర చిరిగింది. ఇటిమ్మను, కుట్టేస్తాను," అంది.

బయటికొచ్చి చూశాను. వీధి ఆ చివర లేరు, ఈ చివర లేరు. వెళ్తున్నానని ఒక్క మాట లేదు. ఆ తర్వాత ప్రెస్సు మేడమీదికీ రాలేదు.

"పడ్డారు కదా, మొహం చెల్లక వెళ్ళిపోయుంటార్లే," అంది అక్క గర్వంగా, పెడలు మీద కాలు వేస్తూ.