స్లాబు రోజున వచ్చిన కోర్టు అమీనా

ఆమెను అందరూ స్లాబక్క అనే పిలుస్తారు. తట్ట మోసే కూలీగా చేరి, స్లాబు పోసే ముఠాకే పెద్ద అయింది. ఎందరి ఇళ్లకో కప్పు వేసిన మహాతల్లి, తాను మాత్రం రేకుల కిందే వేగింది. వాన పడితే ఆ ఇంట్లో మంచాల మీద గిన్నెలు, మంచాల కింద మనుషులు! చివరికి విసుగెత్తి తన ఇంటికీ స్లాబు తలపెట్టింది.

తలపెట్టిందో లేదో, పక్కింటి మరిదికి కడుపు మండింది. రెండిళ్లకూ మధ్యగోడ ఒక్కటే. అది అంత బరువు మోయలేదని, తన కొంప కూలుతుందని కోర్టుకెక్కాడు. స్టే వచ్చేలోపు పోసెయ్యాలని అక్క పొద్దున్నే ముఠాను దింపింది. స్లాబు మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. ఆపితే అతుకు పడి జన్మంతా నీళ్లు కారతాయి.

సగం పోశారో లేదో, ఆర్డరు జేబులో పెట్టుకుని కోర్టు అమీనా రానే వచ్చాడు. కింది నుంచి పైదాకా మనుషులు వరసగా నిలబడి కాంక్రీటు తట్టలు అందించుకుంటున్నారు. ఆ ముఠాకు తెలిసిన ధర్మం ఒక్కటే: ఖాళీ చెయ్యి కనిపిస్తే అందులో తట్ట పెట్టడం. పాపం, ఆయన ఇద్దరి మధ్యకొచ్చి నిలబడ్డాడు.

"ఇక్కడ స్లాబక్క అంటే ఎవరమ్మా?"

"ముందు అందుకో సారూ, కాళ్ల మీద పడుతుంది!"

అందుకున్నాడు. ఏం చెయ్యాలో తోచక పైవాడికిచ్చాడు. ఇటు తిరిగేసరికి ఇంకోటి.

"అది కాదమ్మా, నేను కోర్టు..." ఇంకోటి.

"పని ఆప..." ఇంకోటి.

పైనుంచి చూసిన అక్కకు వచ్చిందెవరో అర్థమైపోయింది. ఆ వెంటనే నవ్వు ముంచుకొచ్చింది. "ఆయన చెయ్యి భలే సాగుతోందర్రా!" అని కేకేసింది. ఆఫీసులో ఆ మనిషిని మెచ్చుకున్నవాడెవడు? ఊపొచ్చేసింది. "కానివ్వండి, కానివ్వండి!" అంటూ తానే అందరినీ తొందరపెట్టాడు.

ఆఖరి తట్ట పడ్డాక గానీ ఆయనకు ఆర్డరు గుర్తురాలేదు. నాలుక కరుచుకుని తీసిచ్చాడు.

"పని వెంటనే ఆపాలమ్మా."

"ఆపేశాం బాబూ," అంది అక్క, సంతోషంతో కాళ్లు నేల మీద ఆనక.

వాయిదా రోజున మరిది తరఫు లాయరు అమీనా మీద ఎగిరిపడ్డాడు. "మీరు అక్కడికి చేరాక కూడా పని జరిగిందా, లేదా?"

"జరిగిందండి."

"చేసిందెవరు?"

అమీనా తల గోక్కున్నాడు. "నేను కూడానండి."

జడ్జిగారు మొహానికి ఫైలు అడ్డం పెట్టుకున్నారు. కోర్టు పంపిన ఇంజినీరు గోడ చూసి, ఇంకో అంతస్తైనా మోస్తుందని రాసిచ్చాడు. కేసు కొట్టేశారు. అమీనాకు చివాట్లు పడ్డాయి, నిజమే. ఆయన మాత్రం సిగ్గుపడుతూనే నవ్వుకున్నాడు.

బయటికొచ్చాక అక్కకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తన కప్పు తనకు దక్కింది. మరిది మెల్లగా పక్కకు చేరాడు.

"వదినా, మా రేకులూ కారుతున్నాయి. గోడ గట్టిదేనన్నారుగా... మా ఇంటికి ఎప్పుడు వేస్తావ్?"

అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఈ మాట గోడ పక్కనుంచి కేకేస్తే సరిపోయేది కదరా! కోర్టు దాకా ఎందుకొచ్చావ్?"