ఈనక్ లీచ్ పేరు

ఈనక్ లీచ్ పోయాక అతని భార్య థర్జాకు మిగిలినవి ఒక కొంప, దాని వెనక ఉసిరికాయంత పండ్లు కాసే ఒక గూస్‌బెర్రీ పొద. ఇంగ్లండులోని చెషైర్‌లో మా ఊరి మగవాళ్లకు ఆ పండు మీదున్న ధ్యాస పెళ్లాల మీద ఉంటే సంసారాలు ఎప్పుడో బాగుపడేవి. చలికాలమంతా ఎరువు వేస్తారు. కొమ్మకు ఒక్క కాయ ఉంచి తక్కినవి గిల్లేసి, దాన్ని కోడిగుడ్డంత చేయాలని చూస్తారు. ఎవరి పండు బరువో తేల్చే పోటీకి ఆగస్టులో సత్రంలో తక్కెడ పెడతారు. పండు తక్కెడలో పడగానే పెంచినవాడి పేరు గట్టిగా పిలుస్తారు. ఈనక్ ఏనాడూ గెలవలేదు గానీ ఏటా పేరు పిలిపించుకున్నాడు.

ఏప్రిల్‌లో పోయాడు. ఆ ఏటికి పోటీ నడిపే సంఘంలో అతని పేరు అలాగే ఉంది. సత్రంలో అది ఇంకొక్కసారి వినబడాలి, అంతే థర్జా కోరిక. ఏడుస్తుందేమోనని ఊళ్లో ఎవరూ ఆమె ముందు ఆ పేరే ఎత్తడం లేదు. భర్త చేసినట్టే ఆమె పండు ఊరాలని దాని కింద సాసర్‌లో నీళ్లు పెట్టి, అడుగు మాత్రం తడిసేలా చూసుకుంది. వాన తగలకుండా పైన గుడ్డ కప్పింది.

పోటీ ముందురోజు సంఘంలోని ఇద్దరి కళ్లెదుట పండు కోయాలి. సాయంత్రం జేబెజ్, హైరమ్ వచ్చారు. అంత్యక్రియల తర్వాత ఆ గుమ్మం తొక్కిన మనుషులు వాళ్లే.

"ముందు పండు కోసేద్దాం వదినా, మబ్బు పట్టింది," అన్నాడు జేబెజ్.

"కోద్దాంలే. నీళ్లు మరుగుతున్నాయి, టీ తాగకుండా ఎలా వెళ్తారు?"

కూర్చున్నారు. "ఈనక్ ఆ పొదతో కబుర్లు చెప్పేవాడు. మాతో మాత్రం నోరు విప్పేవాడు కాదు," అన్నాడు హైరమ్.

"నాతో విప్పాడనుకున్నావా?" అంది థర్జా.

ముగ్గురూ నవ్వారు. జేబెజ్ కూడా ఈనక్ సంగతేదో ఎత్తుకున్నాడు. వాళ్ల నోట ఆ పేరు వస్తుంటే థర్జా ప్రాణం లేచి వచ్చింది. జేబెజ్ లేవబోతుంటే ఆమె ఇంకో కప్పు పోసింది.

వాన దబాటున వచ్చిపడింది. ముగ్గురూ పెరట్లోకి పరుగెత్తేసరికి గుడ్డ ఎగిరిపోయి ఉంది. పట్టనన్ని నీళ్లు తాగి పండు నిలువునా పగిలింది. పగిలిన పండును తూచరు. ఆ పేరూ పిలవరు.

హైరమ్ టోపీ తీశాడు. "మేమే తొందరపెట్టాల్సింది వదినా."

"మీరు పెట్టారుగా. నేనే కదలనివ్వలేదు."

మర్నాడు సత్రం బయట కిటికీ కింద నిలబడి థర్జా పేర్లన్నీ విన్నది. చప్పట్లు మోగాక ఇంటికి వచ్చేసింది.

పగిలిన పండు బల్ల మీదే ఉంది. కాపురం చేసినన్నాళ్లూ ఈనక్ ఆ పండును ఎవరినీ నోట పెట్టనివ్వలేదు. ఆమె కొరికి చూసింది. నీళ్లు తాగినట్టుంది, ఇంకే రుచీ లేదు. పెరటి గుమ్మంలోకి వెళ్లి, సత్రంలో పిలిచినట్టే గట్టిగా, "ఈనక్ లీచ్," అని పిలిచింది.

ఎవరూ పలకలేదు. అతనున్నప్పుడూ మొదటి పిలుపుకు పలికేవాడు కాదు. అందుకని మళ్లీ పిలిచింది.