కుడి చెవి పక్కన తుమ్మకంప

నా చిన్నప్పుడు మా బస్తీ ఆడపిల్లలందరి నడుమూ ఒక పక్కకే వంగి ఉండేది. మాదాపూర్‌లో బండలు పేల్చి పెద్ద అద్దాల బిల్డింగులు కడుతున్న రోజులు. నీళ్ళ ట్యాంకరు రోడ్డు మీదే ఆగేది. అక్కడి నుంచి గుడిసెల దాకా బిందె ఎడమ నడుము మీద పెట్టుకుని, భుజాలు కుడికి వాల్చి నడిచేవాళ్ళం. బిందె దించాక కూడా అలాగే నిలబడేవాళ్ళం. అది వంకర అని మాకు తెలీదు. అందరమూ అలాగే ఉంటే ఎలా తెలుస్తుంది?

నాకు తెలియజెప్పింది మా బడి పీటీ సారు. ఆయనది కోస్తా వైపు. మా బడిలో సాఫ్ట్‌బాల్ పెట్టాడు. ఆ ఆటలో బంతిని చెయ్యి గుండ్రంగా తిప్పి, తొడ పక్కనుంచి కింది వాటంగా విసరాలి. ఎదురుగా ఒకరు బ్యాటు పట్టుకుని ఉంటారు. బంతి పేరుకే మెత్తనిది, తగిలిన చోట వారం రోజులు కమిలి ఉంటుంది. నన్ను ఆలస్యంగా బడిలో వేశారు కాబట్టి ఐదో తరగతిలోనే నేను అందరికన్నా పొడుగు. అందుకే బంతి నా చేతికిచ్చాడు.

నేను వేసిన బంతి ప్రతిసారీ కుడిపక్కకు కొట్టుకుపోయేది. సారు కాసేపు చూసి, లేని బిందెను నడుము మీద పెట్టుకున్నట్టు చెయ్యి వంచి, గ్రౌండంతా నాలా నడిచి చూపించాడు. పిల్లలు పడి పడి నవ్వారు. ఆ రోజు నుంచి నా పేరు పోయింది.

"ఏవే బిందె, ముందది కిందకి దించు. తర్వాత బంతి వెయ్."

తర్వాత ఒక కర్ర పాతి, దానికి తుమ్మకంప కట్టి, నా కుడి చెవి పక్కన వచ్చేట్టు నిలబెట్టాడు. నిటారుగా ఉండి వేస్తే ఏమీ కాదు. ఒళ్ళు కుడికి వాలిందా, ముల్లు చెవిలోనో మెడలోనో దిగుతుంది. నెత్తురు వచ్చినా ఆపనిచ్చేవాడు కాదు. "నేను తిట్టక్కర్లేదు, అదే చెప్తుంది నీకు" అనేవాడు.

ఇదంతా నేనెందుకు పడ్డానంటే, హాస్టల్ కోసం. బాగా వేసేవాళ్ళకు స్పోర్ట్స్ హాస్టల్లో సీటొస్తుందని సారు మా అందరి ముందూ చెప్పాడు. తిండి, బట్టలు, చదువు అన్నీ వాళ్ళే చూసుకుంటారు. ఐదో తరగతి కాగానే నన్ను బడి మాన్పించి తనతో పాటు బిల్డింగు పనికి తీసుకుపోవాలని మా అమ్మ అనుకుంది. హాస్టల్ మాట విని, సీటొస్తే పో అంది. అంతకు మించి నాకు ఇంకో దారి లేదు.

బిందె నెత్తి మీద మోస్తేనే నడుము సరి అవుతుందన్నాడు సారు. అలాగే మోశాను. అమ్మ నవ్వింది.

"గట్ల మోస్తె మెడ ఇరుగుతదే. రేపు నీ మెడకు పట్టు మీ సారేస్తడా?"

మెడ నొప్పి పుట్టింది కానీ విరగలేదు. వానలు వెళ్ళేసరికి కంప నన్ను తాకడం మానేసింది. చెయ్యి తొడను రాసుకుంటూ వచ్చి మణికట్టు దగ్గర విదిలిస్తే, బంతి తాడు కట్టి లాగినట్టు నేరుగా పోయేది. సారు కంప పీకి పారేశాడు. శభాష్ అనలేదు. "ఇప్పుడు మనిషిలా ఉన్నావ్" అన్నాడు. ఆ మాటకే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సారు చందానగర్‌లో ఒక ప్రైవేటు బడి పిల్లలకు కూడా నేర్పేవాడు. వాళ్ళకు గ్రౌండు లేక మా దగ్గరికి తెచ్చేవాడు. సాయంత్రాలు నేను వేస్తే వాళ్ళు వరసగా వచ్చి కొట్టేవాళ్ళు. వాళ్ళల్లో తెల్ల బూట్లమ్మాయి ఒకతె, "ఈ అమ్మాయి వేస్తుందా అండీ?" అని అడిగింది. "దీనికంటే సరిగ్గా వేసేవాళ్ళు మీకెక్కడా ఎదురుపడరమ్మా" అన్నాడు సారు. నేను ఇంకాస్త నిటారుగా నిలబడ్డాను.

ఒక సాయంత్రం వాళ్ళందరినీ కూర్చోబెట్టి, రేపు సెలెక్షన్లు, పొద్దున్నే బస్సు దగ్గరుండాలి అని చెప్పాడు. నేను దగ్గరికి పోయాను.

"సార్, నేనెన్ని గంటలకు రావాలె?"

"నువ్వెందుకే?"

"హాస్టల్ సీటు సార్. బాగ వేస్తె వస్తదంటిరి గద."

"వస్తుందన్నాను. నీకొస్తుందన్నానా?" అని ఆయన నవ్వాడు. కోపంగా కాదు, మామూలుగానే. "పంపేది వీళ్ళ బడి పేరు మీద. వీళ్ళకు ప్రాక్టీసుకి ఒకరు సరిగ్గా వేసేవాళ్ళు కావాలి కదా. వెళ్ళు, ఇంకో వరస వెయ్."

వెళ్ళి వేశాను. ఏడుపు రాలేదు, ఒళ్ళంతా మండింది. ఉన్న బలమంతా పెట్టి వేశాను. ఒక్కరి బ్యాటుకీ తగల్లేదు. తెల్ల బూట్లమ్మాయి రెండుసార్లు తిప్పి, బ్యాటు కింద పడేసి ఏడ్చింది. నేను కొట్టాలనుకున్నది ఆ పిల్లను కాదు. సారు వైపు చూశాను. ఆయన చప్పట్లు కొడుతున్నాడు.

"అద్దీ. ఇన్నాళ్ళూ ఇది ఎక్కడ దాచావే? దీన్ని కొట్టగలిగితే రేపు మీరు ఎవర్నైనా కొడతారమ్మా. వెయ్, ఇలాగే వెయ్."

నా కోపం కూడా ఆయనకు పనికొచ్చింది. అప్పుడు బంతి పడేసి వచ్చేయాల్సిందేమో. రాలేదు. మెచ్చుకున్నాడు కదా, ఇంకా వేశాను. చీకటి పడి బంతి కనపడకపోయేదాకా వేశాను. చివరికి వాళ్ళు కొట్టడం నేర్చుకున్నారు.

తెల్ల బూట్లమ్మాయికి సీటొచ్చిందని తర్వాత తెలిసింది. నేను ఆ ఎండాకాలం అమ్మతో కొండాపూర్ వైపు పనికి పోయాను. మేస్త్రి నేను నడవడం చూసి మా అమ్మతో, "నీ బిడ్డ కడ్డీ లెక్క నిలవడతది, నెత్తిమీద ఇటికెలు ఇంకో వరస పెట్టు" అన్నాడు. అమ్మ పెట్టింది. నాకు నేర్పిన నిటారుగా నిలబడే అలవాటు అక్కడ బాగా పనికొచ్చింది.

సారు చెడ్డగా నేర్పలేదు. ఆయన చెప్పిన ప్రతి మాటా నిజమే, నా వెన్ను ఈ రోజుకీ వంగలేదు. తోటివాళ్ళంతా నడుము నొప్పులతో మూలుగుతుంటే నేను మెట్లెక్కి దిగుతున్నాను. అయితే ఆ సాయంత్రం నుంచి ఇంకొకటి కూడా నాతో ఉండిపోయింది. ఎవరైనా నన్ను మెచ్చుకుంటే సంతోషం రాదు. వీళ్ళకు నాతో ఏం పనుందో అని వాళ్ళ మొహం చూస్తాను. మొన్న నా కూతురు అన్నం తింటూ "అమ్మా, ఇయ్యాల కూర మంచిగున్నది" అంది. దాని మొహం కూడా అలాగే చూశాను. అది చూపు దించుకుని తినేసి లేచింది.