ఎర్విన్ చేసిన చక్రం కార్డు

ఎర్విన్ ష్మెల్జర్ నలభై ఒక్క ఏళ్లు పాలు పితికే మిషన్లు బాగుచేశాడు. విస్కాన్సిన్‌లో మా కౌంటీ మొత్తం మీద అతను చెయ్యి పెట్టని పశువులశాల లేదు. మోటారు చప్పుడు విని గాలి ఎక్కడ పోతోందో చెప్పేవాడు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ తెలివి ఏమైపోయేదో తెలియదు. ఆడవాళ్లు ఎదురుపడితే నాలుగు గుటకలు మింగి, వాతావరణం గురించి ఒక ముక్క చెప్పి తప్పుకునేవాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, పొద్దున్నా సాయంత్రం ఆవుల వేళలే సరిపోయాయనేవాడు.

ఇరవై ఏళ్లుగా అతనికి పక్కింటిదాన్ని కాబట్టి ఈ మాటలు అనే హక్కు నాకుంది. నా పేరు ట్రూడీ. నా నోట్లో నువ్వుగింజ నానదని ఊళ్లో పేరు. అలాంటి నేను ఈ ఒక్క సంగతి రెండు నెలలు కడుపులో దాచుకున్నానంటే, నాకెవరైనా పతకం ఇవ్వాలి.

ప్రతి గురువారం మధ్యాహ్నం లూథరన్ చర్చి కింది గదిలో మేము రబ్బరు స్టాంపులతో గ్రీటింగ్ కార్డులు చేస్తాం. పదకొండు మంది ఆడవాళ్లం, మధ్యలో ఎర్విన్. అతను మొదట వచ్చింది చెల్లెలు లోయిస్‌ని కారులో దించడానికి. ఆమెకు మోకాలి ఆపరేషన్ అయింది. ఆమె స్టాంపులు వేస్తుంటే ఇతను మూల కుర్చీలో టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. మా కాగితాలు కోసే మిషను కిర్రుకిర్రుమంటుంటే మూడు వారాలు ఓర్చుకుని, నాలుగో వారం పానా తెచ్చి విప్పేశాడు. మళ్లీ బిగించాక ఊరుకుంటాడా, ఎలా కోస్తోందో చూద్దామని ఒక అట్ట కోశాడు. కోసిన అట్ట ఊరికే ఎందుకని ఎవరో చేతికో గబ్బిలం స్టాంపు ఇచ్చారు. మోకాలు బాగుపడ్డాక లోయిస్ పేకాట గుంపులో కలిసిపోయింది. ఎర్విన్ మాతోనే ఉండిపోయాడు.

అక్టోబరు చివర్లో వచ్చే దయ్యాల పండగ హాలోవీన్ అంటే మా గుంపుకి పెద్ద పండగ. అక్టోబరు రెండో గురువారం కార్డుల మార్పిడి ఉంటుంది. పన్నెండు మందిలో ప్రతి ఒక్కరూ తమ సొంత కార్డుకి పన్నెండు ప్రతులు చేసి తేవాలి. బల్ల మీద పన్నెండు కుప్పలు వేసి అందరికీ పంచుతాం. ఇంటికి వెళ్లేటప్పుడు ప్రతి ఒక్కరి చేతిలో పన్నెండు రకాల కార్డులుంటాయి, అందులో ఒకటి తనదే. దీనికి ఒకే ఒక్క రూలు. గోడ మీద అంటించి ఉంటుంది: పన్నెండూ ఒకేలా ఉండాలి.

ఆ రూలు రాసింది మార్డెల్ హాగ్‌స్ట్రమ్. చీజ్ ఫ్యాక్టరీలో ముప్పై మూడేళ్లు చీజ్‌కి గ్రేడు వేసిన మనిషి. దిమ్మలోంచి చిటికెడు తీసి వాసన చూసి, నచ్చకపోతే మొత్తం బండిని వెనక్కి పంపేది. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఆమె కూడా పెళ్లి చేసుకోలేదు. మగవాళ్లకి కూడా గ్రేడు వేసి వెనక్కి పంపి ఉంటుందని ఫిలిస్ వెనకాల అనేది, నేను నవ్వేదాన్ని. ముందు అనేంత ధైర్యం మా ఇద్దరికీ లేదు.

ఎర్విన్ మొదటి ఏడాది తెచ్చిన పన్నెండు కార్డుల్నీ మార్డెల్ అందరి ముందూ తిప్పికొట్టింది.

"తొమ్మిదోది పొట్టిగా ఉంది," అంది.

"ఎంత పొట్టి?" అన్నాడు ఎర్విన్.

"వెంట్రుకవాసి."

ఎర్విన్ జేబులోంచి ఇనప కొలబద్ద తీసి కొలిచాడు. నిజంగానే వెంట్రుకవాసి పొట్టి. ఇంకొకడైతే టోపీ పెట్టుకుని వెళ్లిపోయేవాడు. ఇతను ఆ కార్డు వంక ఒకసారి, ఆమె వంక ఒకసారి చూసి, "కంటితోనే పట్టేశావు," అన్నాడు. అది విని నేను చేతిలో ఉన్న కాఫీ కప్పు కింద పెట్టేశాను. నేనెరిగిన అన్నేళ్లలో ఒక మిషను గురించి తప్ప అతను అంత మురిపెంగా మాట్లాడగా నేను వినలేదు.

ఇదంతా జరిగి ఆరేళ్లు. ఈ ఆరేళ్లలో అతను గురువారాల కోసమే వారం గడిపాడంటే అబద్ధం కాదు. మొన్న ఆగస్టులో గుమ్మడికాయ రొట్టె ఇద్దామని వాళ్ల గరాజులోకి వెళితే, పనిబల్ల నిండా నల్ల అట్టముక్కలూ ఇంకు ప్యాడ్లూ పరిచి ఉన్నాయి. హాలోవీన్‌కి ఇంకా రెండున్నర నెలలుంది.

"ఏంటయ్యా, అప్పుడే మొదలెట్టావు?"

"ఈసారి పని ఎక్కువుంది."

"ఏం పని?"

ఒక అట్టముక్క తీసి అంచు సరిచేశాడు. తర్వాత బల్ల వంకే చూస్తూ, "మార్డెల్‌ని పెళ్లికి అడుగుదామనుకుంటున్నా," అన్నాడు.

రొట్టె పళ్లెం చేతిలోంచి జారినంత పనైంది. "కార్డు మీదా? వెళ్లి నోటితో అడగలేవూ?"

"మూడుసార్లు వెళ్లా. మొదటిసారి వాళ్లింటి నీళ్ల పంపు బాగుచేసొచ్చా. రెండోసారి గరాజు తలుపు. మూడోసారి ఏమీ పాడవలేదు, అయినా పంపు మళ్లీ విప్పా."

"మరి కాదంటే?"

"కాదంటే ఆమె ముందు మళ్లీ కూర్చోలేను ట్రూడీ. గురువారాలు కూడా పోతాయి."

నవ్వుదామనుకున్నదాన్ని ఆగిపోయాను. ఆ గురువారాలు తీసేస్తే అతని వారంలో మిగిలేది చెత్త బయటపెట్టే రోజు ఒక్కటే. నాకు దుఃఖం వచ్చింది, కోపం కూడా వచ్చింది. అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి, ఇంకా భయమేమిటని నాలుగు చీవాట్లు పెట్టి, ఎవరితోనూ చెప్పనని మాటిచ్చి వచ్చాను.

ఆ తర్వాత రోజూ సాయంత్రం ఏదో వంక పెట్టుకుని వెళ్లి చూసేదాన్ని. కార్డు మీద దయ్యాల కొంప, దాని ముందు ఇనప కంచె. మా పనిలో, బొమ్మలో ముందున్నది ముందు గుద్దాలి, వెనకున్నది తర్వాత. కొత్తలో ఎర్విన్ ఇల్లు గుద్ది దాని మీద కంచె గుద్దితే రెంటి గీతలూ కలిసిపోయి, ఇంటికి జ్వరమొచ్చి పొక్కులు లేచినట్టుండేది. ఇప్పుడు ముందు కంచె గుద్ది, అదే కంచెను పల్చటి కాగితం మీద ఇంకోసారి గుద్ది, ఒక్కో ఊచ చుట్టూ చిన్న కత్తితో కోసి, అసలు కంచె మీద కప్పుతున్నాడు. కప్పిన దాని మీదుగా ఇల్లు గుద్ది, కాగితం లేపితే కంచె వెనక ఇల్లు దర్జాగా నిలబడింది. ఇంటి వెనక చందమామ, స్పాంజితో అద్దిన నారింజరంగు ఆకాశం. చూరుకి వేలాడే గబ్బిలాల మీద వేడికి కరిగే పొడి చల్లి వేడిగాలి పట్టిస్తే అవి ఉబ్బి నిగనిగలాడాయి.

అక్కడితో ఆగితే ఎర్విన్ ఎలా అవుతాడు? ఇంటి కిటికీలన్నీ, వీధి తలుపూ కోసేసి, వెనక ఒక గుండ్రటి చక్రం బిగించాడు. ఇరుసుకి పాల మిషనులో వాడే చిన్న రబ్బరు వాషరు వేశాడు. అంచు మీద బొటనవేలు పెట్టి తిప్పితే ఒక కిటికీలో పిల్లి, ఇంకో కిటికీలో కాఫీ తాగే అస్థిపంజరం, మరో దాంట్లో దాని పక్కన కుర్చీ లాక్కుని కూర్చునే రెండో అస్థిపంజరం కనిపిస్తాయి. చక్రం పూర్తిగా ఒక చుట్టు తిరిగాక, వీధి తలుపులో ప్రశ్న రావాలి. ఆ అక్షరాలు నేను చూస్తుండగా గుద్దలేదు. సిగ్గుట.

మార్పిడి రోజు వచ్చింది. చర్చి కింది గదిలో కాఫీ కాగుతోంది, బల్ల మీద హామ్ శాండ్‌విచ్‌లు, ఫిలిస్ తెచ్చిన గుమ్మడికాయ కేకు ముక్కలు. ఎర్విన్ ఇస్త్రీ చొక్కాలో వచ్చి కుక్కిన పేనులా కూర్చున్నాడు. నాకు ఒకటే బెంగ. పన్నెండింటిలో ప్రశ్న ఉన్న కార్డు ఏది, అది సరిగ్గా మార్డెల్ చేతికే వెళ్తుందా అని. పంచేది సెల్మా. ఆమెకు ఎనభై ఎనిమిదేళ్లు, రెండు కళ్లలోనూ శుక్లాలు.

కార్డులు అందాయి. ఎర్విన్ కార్డు చూడగానే గదిలో గోల మొదలైంది, చక్రం తిప్పడం, పిల్లిని చూసి నవ్వడం. నేనూ నాది తిప్పాను. పిల్లి వచ్చింది, అస్థిపంజరం వచ్చింది, రెండో అస్థిపంజరం కుర్చీ లాక్కుంది. చుట్టు పూర్తయ్యేసరికి తలుపులో చిన్న చిన్న అక్షరాలు: నన్ను పెళ్లి చేసుకుంటావా?

సెల్మా కొంప ముంచింది, మార్డెల్ కార్డు నాకిచ్చింది అనుకున్నాను. ఎలా మార్చాలా అని బల్ల కింద కాళ్లు కదుపుతుంటే, పక్కనుంచి సెల్మా గొంతు వినబడింది. కార్డుని ముక్కుకి ఆనించుకుని చదువుతోంది.

"ఆలస్యంగా అడిగావు నాయనా. వచ్చే నెల నాకు కంటి ఆపరేషనుంది."

"నీకూ వచ్చిందా?" అంది ఫిలిస్, తన కార్డు ఎత్తి చూపిస్తూ. "మా ఆయన్ని అడిగి చెప్తాలే ఎర్విన్. జింకల వేటకెళ్లే వారంలో అడిగితే దేనికైనా సరేనంటాడు."

నాకు అప్పుడు అర్థమైంది. ఈ మహానుభావుడు పన్నెండింటి మీదా గుద్దాడు. ఒకేసారి పదకొండు మంది ఆడవాళ్లని పెళ్లికి అడిగి, పన్నెండోది తనకి తానే ఇచ్చుకున్నాడు. గది గదంతా పగలబడి నవ్వుతోంది. నేను వంగి అతని చెవిలో, "ఆమె కార్డు ఒక్కదాని మీదే గుద్దకూడదటయ్యా," అన్నాను.

"ఒకేలా ఉండాలి కదా," అన్నాడు గోడ వంక చూపిస్తూ. ముఖం బీట్‌రూట్ రంగుకి తిరిగింది.

మార్డెల్ ఒక్కతే నవ్వలేదు. నవ్వడానికి ఆమె ఇంకా చక్రం దాకా రాలేదు. ఎవరి కార్డైనా ముందు నాలుగు అంచులూ కొలిచాకే లోపలికి వెళ్తుంది. కొలవడం అయ్యాక బొటనవేలుతో మెల్లగా తిప్పింది. ఒక్కో కిటికీ దగ్గరా ఆగింది. మా నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. తలుపు దగ్గరికి వచ్చింది, చదివింది, కార్డు బల్ల మీద పెట్టింది.

"ఇది ఎవరికి?" అంది.

"రూలు ప్రకారం..." అని మొదలుపెట్టాడు ఎర్విన్.

"రూలు నాకు తెలుసు. నేనే రాశా. ఎవరికని అడుగుతున్నా."

ఎర్విన్ టోపీని రెండు చేతులతో నలిపాడు. ఇక్కడ గనక ఇతను నీళ్ల పంపు మాట ఎత్తితే వీపు మీద ఒక్కటి వేద్దామని సిద్ధంగా ఉన్నాను.

"పన్నెండూ ఒకేలా ఉండాలని పట్టుబట్టేది ఒక్కరే కదా," అన్నాడు. "ఆ ఒక్కరికి."

మార్డెల్ లేచి నిలబడింది. వెళ్లిపోతుందనుకున్నాను. ఎర్విన్ కూడా అలాగే అనుకుని ఉంటాడు, కళ్లు దించుకున్నాడు. ఆమె చెయ్యి చాపి, "అన్నీ ఇటివ్వండి," అంది.

పన్నెండు కార్డులూ వరసగా పేర్చుకుంది. కళ్లజోడు తుడుచుకుంది. కంచె ఊచలు లెక్కపెట్టింది, చందమామ అంచు నుంచి చూరు దాకా కొలిచింది, ఒక్కో చక్రం పూర్తిగా తిప్పి ప్రశ్న తలుపు మధ్యలో నిలుస్తోందో లేదో చూసింది. ఇరవై నిమిషాలు పట్టింది. ఎవ్వరం కాఫీ ముట్టలేదు. సెల్మా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎక్కడైనా వెంట్రుకవాసి తేడా వస్తే ఈ మనిషి ఏం చేస్తుందోనని నేను లోపల్లోపల తిట్టుకుంటున్నాను, మార్డెల్‌నో ఎర్విన్‌నో నాకే తెలియదు.

"తేడా లేదు," అంది చివరికి. ఆ గొంతు మేము ఎప్పుడూ వినలేదు. "ఒక్కదాంట్లో కూడా లేదు."

అప్పుడు నేను గమనించాను, ప్రతి కార్డులోనూ ప్రశ్న కింద చిన్న ఖాళీ వదిలి ఉంది. మార్డెల్ కూడా గమనించింది. బీరువా దగ్గరికి వెళ్లి అక్షరాల స్టాంపుల పెట్టె తెచ్చింది. మూడు ఇంగ్లీషు అక్షరాలు ఏరింది. నల్ల ఇంకులో అద్ది, తలుపు సందులోంచి, ప్రశ్న కింద ఒక్కొక్కటే గుద్దింది: వై, ఇ, ఎస్. యెస్.

ఫిలిస్ కెవ్వుమంది. మార్డెల్ తలెత్తలేదు. ఆ కార్డు ఆరడానికి పక్కన పెట్టి రెండోది తీసుకుంది.

"అదేంటే, చెప్పేశావుగా?" అన్నాను.

"ఇంకా పదకొండున్నాయి," అంది.

మేమంతా కూర్చుని చూశాం. మూడు పన్నెండ్లు ముప్పై ఆరు ముద్రలు. ఎర్విన్ ఊపిరి కూడా జాగ్రత్తగా పీల్చుతున్నాడు, బల్ల కదులుతుందేమోనని. పదకొండూ అచ్చు యంత్రంలోంచి వచ్చినట్టు వచ్చాయి. పన్నెండోది ఎర్విన్‌ది. రెండక్షరాలు సరిగ్గానే పడ్డాయి. మూడో అక్షరం దగ్గర ఆమె చెయ్యి వణికింది. అక్షరం పక్కకి ఒరిగి, తోక దగ్గర ఇంకు పులిమినట్టయింది.

మార్డెల్ దాన్ని చూసి పెదవి కొరుక్కుంది. "ఇది చెడిపోయింది. వేరేది చేసిస్తా, ఇటివ్వు," అంది. అప్పటికే ఎర్విన్ చేతిలో ఉంది.

"ఇవ్వను," అన్నాడు.

"తేడా వచ్చింది ఎర్విన్."

"వచ్చింది," అని దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, పైన బొత్తాం పెట్టేశాడు.