ఇసుక ఈగల కోసం మెట్టుగూడ దాకా

ఈ బ్లాగులో ఇప్పటిదాకా కొండలూ జలపాతాలే రాశాను కాబట్టి, మెట్టుగూడ ప్రయాణం అనగానే మీలో సగం మంది నవ్వుతారని తెలుసు. మా ఇల్లు ఏ.ఎస్. రావు నగర్‌లో. అక్కడి నుంచి మెట్టుగూడ వెళ్లడం కూడా ఒక ప్రయాణమేనా అని మా ఆయన అడగనే అడిగాడు. తప్పంతా జ్యోతిది. నాతో డిగ్రీ చదివింది, ఇప్పుడు కీటకాల మీద పనిచేసే ఒక ప్రభుత్వ విభాగంలో ఉంది. వానాకాలం వచ్చిందంటే సికింద్రాబాద్ చుట్టుపక్కల బస్తీలు తిరిగి ఇసుక ఈగలను పట్టడం, వాటిలో పిల్లలకు మెదడువాపు తెచ్చే చాందీపురా లాంటి వైరస్‌లు ఉన్నాయేమో పరీక్షకు పంపడం ఆమె ఉద్యోగం. పోయిన నెల మా ఇంట్లో పెసరట్టు తింటూ, "లంబసింగి చలి మీద నాలుగు పేజీలు రాస్తవు, నీ ఊరి గోడల్ల ఏమున్నదో ఎన్నడన్న చూసినవా?" అని ఎగతాళి చేసింది. నాకు ఒళ్లు మండింది. సరే, చూపించు పద అన్నాను.

ఇలాంటి సర్వేకు తోడు వెళ్లాలనుకునేవాళ్లు తెల్లవారుజామున లేవడానికి సిద్ధపడాలి. ఈ ఈగలు పొద్దుగూకాక బయటికొచ్చి కుడతాయి, తెల్లారేసరికి గోడ పగుళ్లలోకి, చీకటి మూలల్లోకి దూరిపోతాయి. ఎండ ఎక్కక ముందే వాటిని అక్కడ పట్టుకోవాలి. అందుకని ఐదున్నరకే ఆటో ఎక్కాను. మౌలాలి, లాలాపేట మీదుగా ఆ వేళప్పుడు ట్రాఫిక్ ఉండదు, అరగంటలోపే చేరిపోవచ్చు. రెండు వందల ఇరవై తీసుకున్నాడు. ఇంత పొద్దున్నే స్టేషన్‌కా మేడం అని డ్రైవర్ అడిగితే, కాదు, ఈగలు పట్టడానికి అన్నాను. అతను అద్దంలోంచి నా మొహం కాసేపు పరీక్షగా చూశాడు. "మా ఇంటికి రాండ్రి మేడం, పైసల్ లేకుంట పట్టుకపోవచ్చు," అన్నాడు.

జ్యోతి టీ కొట్టు దగ్గర నిలబడి ఉంది. భుజాన సంచీ, చేతిలో ఐస్ పెట్టె. సంచిలోంచి గాజు గొట్టం తీసి చూపించింది. దానికి ఒక చివర రబ్బరు పైపు. పైపు నోట్లో పెట్టుకుని మెల్లగా పీలిస్తే, గోడ మీది ఈగ గాజు గొట్టంలోకి వచ్చి పడుతుంది. మరి నోట్లోకి పోతేనో అని నేను బెంబేలెత్తిపోయాను. మధ్యలో సన్నటి గుడ్డ అడ్డం ఉంటుందిలే, పిరికిదానా అంది. టీతో పాటు ఉస్మానియా బిస్కెట్లు తింటుండగా, మేం వెళ్లబోయే ఇంటి సంగతి చెప్పింది.

ఆ ఇల్లు రేణుకది. రైలు పట్టాల వైపు బస్తీలో భర్తతో కలిసి నాలుగు బర్రెలను పెట్టుకుని పాలు పోస్తుంది. కూతురు అఖిలకు ఆరేళ్లు. పోయిన వానాకాలం ఒక సాయంత్రం పిల్లకు జ్వరం వచ్చింది, తెల్లారేసరికి ఫిట్స్ మొదలయ్యాయి. ఆసుపత్రిలో చాలా రోజులుండి బతికి బయటపడింది. చాందీపురా కావచ్చని డాక్టర్లు అనుమానించారు గానీ, పరీక్షల్లో ఏదీ తేలలేదు. ఆ వైరస్‌ను మోసేది ఇసుక ఈగ, అది పశువుల కొట్టాల్లో, తడి పేడ మట్టిలో పెరుగుతుందని తెలిసిన రోజు నుంచి రేణుక పిల్లను ఇంటికి తీసుకురాలేదు. మా ఏ.ఎస్. రావు నగర్‌లోనే ఉండే తన అక్క దగ్గర ఉంచింది. ఈసారి సికింద్రాబాద్‌లో జరిగే లష్కర్ బోనాలకు ఎలాగైనా పిల్లను తెచ్చేసుకోవాలని ఆమె ఆశ. మా కొట్టం చూసి చెప్పండి మేడం అని తనే జ్యోతి వెంటపడింది. మామూలుగా జనం ఈ సర్వేవాళ్లను చూస్తే తలుపులు వేసుకుంటారట.

మేము వెళ్లేసరికి రేణుక గుమ్మంలో ఎదురుచూస్తోంది. ముగ్గు వేసి ఉంది. లోపలికి అడుగుపెట్టగానే జ్యోతి ఆగిపోయింది. కొట్టం గోడలు తెల్లగా మెరిసిపోతున్నాయి. పగుళ్లన్నీ మట్టితో పూడ్చి, పైన సున్నం కొట్టి, నేల అలికి ఉంది. బర్రెలను కూడా కడిగినట్టున్నారు. మూలన కుంపటిలో వేపాకు, సాంబ్రాణి ఇంకా పొగలు కక్కుతున్నాయి. నాకైతే ముచ్చటేసింది, ఎంత శుభ్రమైన మనిషో అనుకున్నాను. జ్యోతి మొహం మాత్రం వాడిపోయింది. టార్చి వేసి గోడ గోడా వెతికింది, గడ్డి మోపుల వెనక, తొట్టి కింద కూడా చూసింది. ఒక్క ఈగ లేదు. పొగకు నా కళ్లు మండిపోయి నీళ్లు కారుతున్నాయి.

"ఒక్కటి సుత లేదు కదా మేడం?" అంది రేణుక. ఆమె మొహం సంతోషంతో వెలిగిపోతోంది. "ఇగ నా బిడ్డను తెచ్చుకుంట."

నేనైతే ఔనమ్మా, తెచ్చుకో అనేసేదాన్ని. జ్యోతి అనలేదు. తొట్టి గట్టు మీద కూర్చుని, రేణుకను పక్కన కూర్చోబెట్టుకుంది. "లేవని కాదు రేణుకా. పొగకు పారిపోయినయి, నాలుగు దినాల్ల మళ్ల వస్తయి. ఈ ఖాళీ గోడ చూసి పిల్లను తెచ్చుకో అని నేనెట్ల చెప్త?"

రేణుకకు ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక కోపం వచ్చింది. నిన్న ఫోన్ చేసి పొద్దున వస్తున్నాం అన్నది మీరే కదా అంది. "మంది ఇంటికొస్తున్నరంటే ఇల్లు గట్లనే ఎట్ల ఇడిచిపెడ్త మేడం?" అని అడిగింది. నిజమే, చుట్టాలొస్తున్నారని తెలిస్తే నేను మాత్రం బూజు దులపనా? ఇల్లు ఎలా ఉన్నది అలాగే ఉంచాలని చెప్పకపోవడం తన పొరపాటేనని జ్యోతి ఒప్పుకుంది.

తర్వాత కొట్టం చుట్టూ తిరిగి వెనక వైపుకు వెళ్లాం. అక్కడ పాత రాతి గోడకూ కొట్టానికీ మధ్య మనిషి పట్టేంత సందు. సున్నం అక్కడిదాకా రాలేదు. రేణుక టార్చి తనే పట్టుకుంది. రాళ్ల సందులో జ్యోతి వేలు పెట్టి చూపించిన చోట, నేను ఎంత గుడ్లప్పగించినా ముందు దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు. ఆ దుమ్ములో ఒక రేణువు గెంతింది. దోమలో పావు వంతు కూడా లేదు, రెక్కలు పైకెత్తి పెట్టుకుని ఉంది. జ్యోతి గొట్టం ఆనించి పీల్చింది. గాజులో అది అటూ ఇటూ గెంతుతుంటే రేణుక దగ్గరికి వంగి చూసింది.

"గింతదా?" అంది. "గిదేనా నా బిడ్డను పండవెట్టింది?"

ఇదే అని చెప్పలేనంది జ్యోతి. ఈ ఈగ వైరస్‌ను మోస్తోందో లేదో కూడా పరీక్ష చేస్తేనే తెలుస్తుంది, దానికి వారాలు పడతాయి. ఇప్పుడు పట్టిన వాటిలో వైరస్ లేదని వచ్చినా, ఈ ఇంట్లో ఎప్పటికీ రాదని అర్థం కాదు. ఇవన్నీ ఆమె మెల్లగా, ఏదీ దాచకుండా చెప్పింది. వెనక గోడ కూడా పూడ్పించాలి, మందు కొట్టించాలి, పేడకుప్ప ఇంటికి దూరంగా వేయాలి అంది. రేణుక అన్నింటికీ తలూపింది. పగటి పూట తేవచ్చునా మేడం, బోనం చూపించి పొద్దుగూకక ముందే తోలిస్త అని అడిగింది. తేవచ్చంది జ్యోతి. రేణుక అక్కడే నిలబడి తన అక్కకు ఫోన్ చేసి, పిల్లకు ఇమ్మంది. పిల్ల మాట మాకు వినబడలేదు గానీ, రేణుక చెప్పింది వినబడింది. "పొద్దుగాల అచ్చి, సాయంత్రం మళ్ల పోవాలె బిడ్డా. ఇంక కొన్ని దినాలు." ఫోన్ పెట్టేసి, మొహం కడుక్కొస్తానని వెళ్లిపోయింది. నాకూ ఏడుపొచ్చింది, పొగ మీదికి నెట్టేశాను.

పదింటికి ముగ్గురం మోండా మార్కెట్‌కు వెళ్లాం. మామూలు దోమతెర రంధ్రాల్లోంచి ఈ ఈగ హాయిగా దూరిపోతుంది, కాబట్టి పిల్ల ఇంటికొచ్చాక మంచానికి కట్టడానికి బాగా సన్నటి జాలీ గుడ్డ కావాలి. దుకాణం ఆయన దోమతెరలే తీసి పరిచాడు, దోమ పోదంటే ఏదీ పోదని వాదించాడు. చివరికి లోపల్నుంచి సన్నటిది తెచ్చాడు. గాలి ఆడదు, ఉక్కపోస్తుందని ముందే హెచ్చరించాడు. రేణుక ఆ గుడ్డను వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసి, బేరమాడకుండా కొనేసింది.

తర్వాతి వారం జ్యోతి మళ్లీ వెళ్తే నేనూ వెళ్లాను. పరీక్షకు ఈగలు కావాలని జ్యోతి ముందే చెప్పడంతో, ఆ రోజుకని రేణుక ఇల్లు ముట్టుకోలేదు. పేడ ఎత్తలేదు, బూజు దులపలేదు. గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఇల్లు గిట్లున్నదని ఏమనుకోకుండ్రి," అని మా ఇద్దరికీ విడివిడిగా చెప్పింది. ఈసారి లోపలి గోడల్లోనే ఈగలు దొరికాయి. ఇక కడుక్కోవచ్చు అని జ్యోతి అన్న మరుక్షణం చీపురు అందుకుంది. ఇది రాసే నాటికి ఫలితాలు రాలేదు. బోనాల రోజు అఖిల కొత్త లంగా వేసుకుని వచ్చిందట, ఎండ ఉండగానే ఏడుస్తూ ఆటో ఎక్కిందట. ఎన్నో ఊళ్లలో ఎందరి ఇళ్లలోనో భోంచేశాను గానీ, నాకు చూపించడానికి ఇంటామె సిగ్గుపడిన ఇంటిని ఇంత గౌరవంగా ఎప్పుడూ చూడలేదు. మీరెవరైనా ఇలాంటి పని మీద ఒకరింటికి వెళ్లేటట్టయితే, ముందు రోజే ఫోన్ చేసి ఏమీ తుడవొద్దని, కడగొద్దని, ఎందుకో కూడా వివరంగా చెప్పండి. వెళ్లాక గుమ్మంలో నిలబడిపోకుండా లోపలికి వెళ్లి కూర్చోండి, టీ ఇస్తే తాగండి. ఆ ఇల్లు కడగకుండా అలా ఉంచింది ఆ ఇంటి పిల్ల కోసం.