పొద్దుటి జాబితా

రెండు వారాల కిందటి మంగళవారం పొద్దున్నే అత్త ఫోన్ చేసి, "మావయ్య లేవట్లేదే" అంది. విమానాశ్రయం పక్కనే ఉన్న లంబాలైన్ వాడలో వాళ్లింటికి నేను చేరేసరికే డాక్టరు వచ్చి వెళ్లిపోయాడు. నిద్రలోనే పోయాడట. ఒక్క మాటైనా చెప్పకుండా పోయినందుకు నాకు ముందు కోపమొచ్చింది. ఏడుపు తరవాత వచ్చింది.

మా అమ్మకు తమ్ముడు. చేపలవేట ఇంట్లో పుట్టి కంప్యూటర్ మాస్టారయ్యాడు. శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి ఈ దీవులకు వచ్చిన మా తాతకు అదేం ఉద్యోగమో చివరిదాకా అర్థం కాలేదు. పరీక్ష తప్పి మొహం మాడ్చుకున్న నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని మావయ్య ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అనే కంప్యూటర్ పద్ధతి నేర్పాడు. ఇంట్లో ఇంటర్నెట్ నత్తనడక, అందుకని పాఠాలు తను పనిచేసే చోటే అచ్చు తీసి తెచ్చేవాడు. నెత్తిమీంచి విమానం దిగుతుంటే ఆగి, అది పోయాక ఆపిన మాట దగ్గరే మళ్లీ మొదలెట్టేవాడు.

ఫంక్షన్ అంటే తూకం లాంటిదన్నాడు. అదే చేప వేస్తే పొద్దున్నైనా సాయంత్రమైనా అదే బరువు చూపాలి. మన బజారు తూకం అలా చూపదు కదా అన్నాను.

"అమ్మేవోడు ఏలెడతాడు గదే. బయటోడి ఏలు పడితే అది ఫంక్షన్ కాదు" అన్నాడు.

ఒక్కో ఫంక్షన్ ఒక్క పనే చెయ్యాలన్నాడు. ఒడ్డున మా అమ్మ పొలుసు తీస్తుంది, అత్త కోస్తుంది, అమ్మమ్మ ఉప్పు పట్టిస్తుంది. ఒకరి చేతిది ఇంకొకరికి, బస్. ఇదీ ఎక్కింది. ఎక్కనిది ఒక్కటే: చేతికొచ్చిన జాబితాను మార్చకు, దాన్ని చూసి కొత్తది చెయ్. ఉన్నదాన్ని దిద్దుకోక మళ్లీ రాయడమేమిటి, పనీపాటా లేకపోతే సరి అన్నాను.

మా వాడలో వేటకెళ్లినవాళ్లు ఎవరో, తిరిగొచ్చినవాళ్లు ఎవరో చూసే ప్రోగ్రాము నాచేత రాయించాడు. పొద్దున్న వెళ్లినవాళ్ల పేర్లు మాత్రం వరస అంకెలతో అచ్చు తీసి జేబులో పెట్టుకునేవాడు. ఆ చాదస్తం చూసి నవ్వేదాన్ని. ఒడ్డు చేరినవాడి పొద్దుటి అంకె కొడితే అదే జాబితాలోంచి పేరు తీసేసేలా రాశాను నేను. ఒక పేరు పోగానే కిందివి పైకి జరిగి అంకెలు మారిపోతాయని, ఒకడి అంకె కొడితే ఇంకొకడి పేరు పోతుందని తోచలేదు.

ఓ సాయంత్రం గాలి లేచింది. తెరమీద ఒక్క పేరు మిగిలింది. ఆ మనిషేమో నా కళ్లముందే టీ తాగుతున్నాడు. ప్రోగ్రాము తప్పిందిలే అని ఆ పేరూ తీసేసి, అందరూ వచ్చేశారన్నాను. మావయ్య జేబులో కాగితం తీసి ఒక్కొక్కరినే పిలిచాడు. పలకనిది మా నాన్న.

పడవలు వెనక్కి మళ్లాయి. చీకటి పడకముందే, ఇంజను ఆగిపోయి కొట్టుకుపోతున్న నాన్న డింగీ పడవని తాడేసి లాక్కొచ్చారు. తిడతాడనుకున్న మావయ్య నా చేతిలో ఆ కాగితం పెట్టాడు.

"పొద్దున్న ఎల్లినోళ్లు పొద్దున్న ఎల్లినోళ్లే కోడలా. సాయంత్రానికి ఏటి జరిగినా ఆ మాట మారదు."

మర్నాడే మార్చి రాశాను. పొద్దుటి జాబితా ముట్టుకోను. ఇంకా రావాల్సినవాళ్ల జాబితా దాన్ని చూసి కొత్తగా తయారవుతుంది.

కర్మకాండ అయ్యాక నాన్నా నేనూ మావయ్య కంప్యూటర్ తెరిచాం. ఆయన నాన్నతో సరదాగా డింగీ ఎక్కిన ఆఖరి ఆదివారం జాబితాలు దొరికాయి. సాయంత్రం, ఇంకా రావాల్సినవాళ్ల జాబితా ఖాళీ. ఆవేళ అందరూ వచ్చేశారు.

"మీ మావయ్య పేరు తీసీయాల గదా?" అన్నాడు నాన్న.

అక్కర్లేదన్నాను. నాన్నకు చదువు రాదు. పొద్దుటి జాబితాలో నాన్న పేరు కిందే ఉన్న మావయ్య పేరు చూపించాను. దానిమీద వేలు ఆనించి కూర్చున్నాడు. నెత్తిమీంచి విమానం దిగింది. అది పోయాక కూడా ఎవరమూ మాట మొదలెట్టలేదు.