చెల్లెలు పట్టుకెళ్లిన సీసా

డెబ్బైల్లో మా చెల్లెలు బెజవాడలో ల్యాబ్ ట్రైనింగులో చేరింది. అమ్మ బైబిలు ముందు పెట్టి ఇంట్లోనే చదువు చెప్పిన నాకు బడి సర్టిఫికెట్టు లేదు, అందుకని నన్ను చేర్చుకోలేదు.

ఓ సోమవారం ఉదయం క్లాసుకి రక్తం కావాలని మరగబెట్టిన సిరంజితో నా ముందు కూర్చుంది.

“అక్కా, గాజులు పైకి తొయ్యి. కదిలావంటే మళ్లీ పొడుస్తా.”

“పొడిచేది నువ్వూ, బెదిరింపు నాకూనా?”

పోటు నాకైతే, అమ్మ విసనకర్రతో దానికి విసురుతోంది.

మొదటిసారికే రక్తం వచ్చింది. దాని చెయ్యి వణకనందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. సీసాను తడిగుడ్డలో చుట్టుకుని అది హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కింది. నన్ను రానివ్వని గదిలోకి నా రక్తం వెళుతోంది. ఆ సీసాను చూసి కూడా కుళ్లుకున్నాను.